మొదటి గంట మెయిల్ ఎక్కడుంది?

ఫిబ్రవరి 3, సోమవారం

రైల్వేవాళ్లు మా అబ్బాకి ఏటా ఒక డైరీ ఇస్తారు. ఏటా అది మా అమ్మీ చేతిలో పాల లెక్కలకి పోయేది. ఈసారి నేను ముందే కొట్టేశాను. ఇందులో రాసేవి ఎవరూ చదవకూడదు, ముఖ్యంగా సెకండియర్ బీకామ్ వాళ్లు.

ఇవాళ నన్ను క్లాసు ప్రతినిధిని, అదే సీఆర్‌ని చేశారు. ఎన్నిక లేదు, పాడు లేదు. పుల్లారావు సార్ పార్ట్‌నర్‌షిప్ అకౌంట్స్ చెబుతుంటే నేను నా పక్కన కూర్చునే గ్రేస్ చెవిలో ఆయన కొత్త జుట్టు రంగు గురించి ఓ మాటన్నాను. ఆయన సుద్దముక్క కింద పెట్టి, "ఏమ్మా ఆసియా, నోరు ఊరుకోనంటోందా? అయితే ఇవాళ్టి నుంచి క్లాసుకి నువ్వే సీఆర్‌వి. అందరి కష్టాలూ నువ్వే మాట్లాడు" అన్నారు. క్లాసంతా చప్పట్లు కొట్టింది. శిక్ష వేసి చప్పట్లు కొట్టించే విద్య ఆయనకే వచ్చు.

చప్పట్లు ఆగకముందే ఫిర్యాదులు మొదలు. శ్రీహరి లేచి మధ్య వరసలో ఫ్యాను తిరగట్లేదన్నాడు. భావన లేచి ఆడపిల్లల బాత్రూముకి గొళ్లెం లేదంది. ఒకరు లోపలికెళితే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడాలి. నేనైతే ఒకసారి తలుపు పట్టుకుని మర్చిపోయి బజ్జీలకి వెళ్లిపోయాను. లోపలున్నది భావనే.

మూడోది అసలైనది. మాచర్ల వైపు నుంచి వచ్చే బస్సు గురజాల చేరేసరికి మా మొదటి గంట హాజరు అయిపోతుంది. బెల్లు కొట్టగానే పేర్లు పిలిచి రిజిస్టరు మూసేస్తారు. రెంటచింతల వాళ్లు రోజూ క్లాసులో కూర్చుంటారు, రోజూ రానట్టే. వాళ్లలో గ్రేస్ మాత్రం తెల్లవారకముందే లేచి వాళ్ల బాబాయి పాల వ్యానులో క్యాన్ల మధ్య కూర్చుని వచ్చేస్తుంది. వచ్చి, కాలేజీ తెరిచేదాకా బస్టాండులో కునికిపాట్లు పడుతుంది. దగ్గరికెళితే పాల వాసన వస్తుంది. నవంబరులో వాళ్లమ్మకి జ్వరమొచ్చి గ్రేస్ చానా రోజులు రాలేదు. డెబ్బై ఐదు శాతం లేకపోతే హాల్ టికెట్ ఇవ్వరు. వాళ్లమ్మ ముందే చెప్పేసిందట: "ఈసారి పరీక్ష పోయిందంటే కాలేజీ లేదు, నాతో మిరపకోతకి రా."

మూడూ తీసుకెళ్లి పుల్లారావు సార్‌కి చెప్పాను. "సరేనమ్మా, ప్రిన్సిపాల్ మేడమ్‌తో మాట్లాడతా" అన్నారు. సీఆర్ పని ఇంత తేలికని తెలిస్తే ఫస్టియర్‌లోనే అయ్యేదాన్ని.

ఫిబ్రవరి 5

"ఏమైందే?"

ఇవాళ బస్సు దిగినప్పుడు ఒకరు, మెట్ల మీద ఒకరు, బజ్జీల బండి దగ్గర ముగ్గురు, చివరికి బాత్రూము తలుపు అవతల నుంచి భావన.

ఫిబ్రవరి 7

అడిగారు. నడుస్తోందన్నాను.

ఫిబ్రవరి 10, సోమవారం

పుల్లారావు సార్‌ని అడుగుదామని వెళ్తే ఆయన అల్లుడుగారి గృహప్రవేశానికి ముప్పాళ్ళ వెళ్లారు. వచ్చి క్లాసుకి ఏం చెప్పాలి? సార్ గారెలు తింటున్నారని చెప్పనా? "ఫైలు పైకి వెళ్లింది" అన్నాను. ఏ ఫైలో, ఎంత పైకో నాకే తెలియదు. కానీ ఆ మాట వినగానే అందరి మొహాలూ ఎంత తేటపడ్డాయో! శ్రీహరి అయితే "మన ఆసియా అంటే ఏమనుకున్నార్రా" అన్నాడు.

ఇది అబద్ధం కాదు. ఇంకా నిజం కాలేదు, అంతే. సార్ రేపోమాపో మాట్లాడతారు, అప్పుడు ఫైలు పైకి వెళ్తుంది. నేను రెండు రోజులు ముందు చెప్పాను.

ఫిబ్రవరి 12, బుధవారం

ఇవాళ గ్రేస్ కళ్లు ఎర్రగా ఉన్నాయి. వ్యానులో కునుకు తీస్తుంటే క్యాను మీద పడి నుదురు బొప్పి కట్టింది. "ఎన్నాళ్లే ఇట్టా? మేడమ్ ఏమందో నిజం చెప్పవే" అంది.

ఆ బొప్పి చూస్తూ లేదని చెప్పలేకపోయాను. "ఒప్పుకున్నారే. ఇక బస్సు వాళ్లకి క్లాసు చివర్లో హాజరేస్తారంట. చెప్పాల్సిందల్లా చెప్పేశా" అన్నాను. గ్రేస్ నన్ను గట్టిగా వాటేసుకుంది. క్లాసు మొత్తం చూస్తుండగా బొప్పి ఉన్న నుదురు నా భుజానికి ఆనించింది.

ఎల్లుండి సార్‌ని పట్టుకుని ఎలాగైనా ఒప్పిస్తాను. అప్పటికి ఇదీ నిజమైపోతుంది.

ఫిబ్రవరి 14

సార్ కనిపించారు. స్టాఫ్ మీటింగులో ఉన్నారు. కనిపించడం కూడా ఒక ముందడుగే.

ఫిబ్రవరి 16, ఆదివారం

మిర్యాలగూడ నుంచి అమ్మీ చెల్లెలు, మా ఖాలా వస్తోందని స్టేషనుకి వెళ్లాను. మాది నడికుడి, క్వార్టర్సు నుంచి గట్టిగా తుమ్మితే ప్లాట్‌ఫారానికి వినిపిస్తుంది. బండి రావాల్సిన వేళ దాటింది. మైకు మూగబోయింది. గంటసేపు ఎండలో నిలబడ్డాం. ఒకాయన గోనెసంచి తన్నాడు, ఒకావిడ తన పిల్లాణ్ణి కొట్టింది. నేనైతే కిటికీ దగ్గరికెళ్లి, "వస్తుందా రాదా? అది చెప్పడానిక్కూడా సిగ్నల్ కావాలా?" అని అరిచాను. లోపల కూర్చున్నది మా అబ్బా స్నేహితుడే. ఇంటికి కబురు చేరే ఉంటుంది.

అప్పుడు మైకు పలికింది. బండి పొందుగల దగ్గర ఆగి ఉందట, ఇంకో గంటన్నర ఆలస్యమట. తిట్లు వినిపిస్తాయనుకున్నాను. లేదు! గోనెసంచి ఆయన దాన్నే తలకింద పెట్టుకుని పడుకున్నాడు. పిల్లాణ్ణి కొట్టిన ఆవిడ వాడికే బిస్కెట్ ప్యాకెట్ కొనిచ్చింది. నేనూ వెళ్లి టీ తాగాను. గంటన్నర ఆలస్యమని తెలిశాక ఇంత హాయిగా ఉందేమిటి!

టీ తాగుతూనే ఒక ఆలోచన వచ్చింది. గ్లాసు అక్కడే పెట్టి ఇంటికి పరిగెత్తాను. ఖాలా బండి దిగి, నేను లేకపోయేసరికి సంచులు తనే మోసుకొచ్చి నన్ను నానా మాటలూ అంది.

ఫిబ్రవరి 17, సోమవారం

బ్లాక్‌బోర్డు కుడి మూల గీత గీసి, పైన "తుడవరాదు" అని రాసి, స్టేషను బోర్డు పెట్టేశాను. ఫిర్యాదులన్నీ రైళ్లు.

ఫ్యాన్ ప్యాసింజర్. ఇప్పుడున్న చోటు: ఎలక్ట్రీషియన్ దగ్గర. ఆలస్యానికి కారణం: కోటప్పకొండ తిరునాళ్లలో నిలబెట్టే ప్రభకి లైట్లు కట్టడానికి వెళ్లాడు. మళ్లీ కబురు: శివరాత్రి అయ్యాక.

గొళ్లెం ఎక్స్‌ప్రెస్. ఇప్పుడున్న చోటు: ఆయా కొండమ్మక్క దగ్గర. కారణం: తెలియదు. మళ్లీ కబురు: బుధవారం.

క్లాసు పడీపడీ నవ్వింది. శ్రీహరి ముక్కు మూసుకుని, "దయచేసి వినండి, ప్రయాణికులకు విజ్ఞప్తి" అని ప్రకటనలు మొదలెట్టాడు. ఇవాళ ఒక్కరు కూడా "ఏమైందే" అని అడగలేదు. ఎవరికి కావాలంటే వాళ్లు మూల చూసుకున్నారు. అడుగుదామని నోరు తెరిచిన భావన కూడా బోర్డు చూసి మూసుకుంది. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

మూడో బండి రాసేటప్పుడు మాత్రం సుద్దముక్క రెండుసార్లు విరిగింది. మొదటి గంట మెయిల్. ఇప్పుడున్న చోటు: మేడమ్ గది దాటింది, వచ్చేసినట్టే.

ఫిబ్రవరి 19, బుధవారం

కొండమ్మక్క చీపురుతో సహా క్లాసులోకొచ్చింది. "ఏమే పిల్లా, నా పేరు బోర్డెక్కించావంట? నేనేందో గొళ్లెం కొంగులో దాచుకున్నట్టు!"

"మరి ఎక్కడాగిందక్కా?"

"దసరాల కాడి నుంచి ఆఫీసులో అడగతానే ఉన్నా. నేనడిగితే ఎవరిచ్చారు? రాయి, అట్టనే రాయి."

అట్టనే రాశాను. గొళ్లెం ఎక్స్‌ప్రెస్, ఇప్పుడున్న చోటు: ఆఫీసులో, దసరా నుంచి. మధ్యాహ్నానికల్లా వడ్రంగి వచ్చి గొళ్లెం బిగించాడు. ఎవరు చూశారో, ఎవరికి సిగ్గేసిందో నాకు తెలియదు. భావన లోపలికెళ్లి గొళ్లెం వేసి తీసి, వేసి తీసి, ఎంతకీ బయటికి రాలేదు. శ్రీహరి ప్రకటించాడు: "గొళ్లెం ఎక్స్‌ప్రెస్ ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వచ్చియున్నది."

సీఆర్ అంటే ఇలా ఉండాలి.

ఫిబ్రవరి 20, గురువారం

నోటీసు బోర్డులో హాజరు తక్కువ ఉన్నవాళ్ల పేర్లు పెట్టారు. రెంటచింతల వాళ్లు ఉంటారని తెలిసిందే. గ్రేస్ కూడా ఉంది.

"ఇదేందే? పాల వ్యానులో వస్తున్నావుగా?" అన్నాను.

"వ్యాను మానేసి వారమైందిగా" అంది గ్రేస్. "బస్సులోనే వస్తన్నా. నువ్వేగా చెప్పావు, చివర్లో హాజరేస్తారని."

మొదటి గంట మధ్యలో తను వచ్చి కూర్చోవడం నేను రోజూ చూస్తూనే ఉన్నాను. నిద్ర సరిపోతోంది, మొహం కళగా ఉంది అనుకున్నాను. అంతకుమించి అనుకోలేదు. అనుకోదలుచుకోలేదు.

"చివర్లో ఎవరూ పేరు పిలవకపోతే నన్ను అడగొద్దటే?"

"బోర్డు మీద రాసుంది కదే, మేడమ్ గది దాటిందని. ఇవాళో రేపో మొదలెడతారు, పాతవి కూడా కలుపుతారు అనుకున్నా. బోర్డు అబద్ధం చెప్పదుగా." అని నా మొహం చూసింది. చూస్తూనే ఉంది. తరువాత పుస్తకాలు తీసుకుని లహరి పక్కకి వెళ్లి కూర్చుంది.

ఫిబ్రవరి 21

గ్రేస్ మళ్లీ పాల వ్యానులో వచ్చింది. లహరి పక్కనే కూర్చుంది.

ఫిబ్రవరి 22, శనివారం

పొద్దున్నే పుల్లారావు సార్ బండి స్టాండు వేయకముందే ఎదురెళ్లాను. "సార్, మొదటి గంట హాజరు విషయం మేడమ్ ఏమన్నారు?"

"ఏ మొదటి గంట?" అన్నారాయన.

మా మెయిల్ మేడమ్ గది దాటలేదు. మేడమ్ గది చేరలేదు. అసలు షెడ్డులోంచే కదల్లేదు. "చూద్దాంలేమ్మా, గుర్తుచేస్తుండు" అని ఆయన హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు. ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. మెట్లెక్కి క్లాసుకొచ్చేలోపు ఆ కోపంలో సగం నా మీదికే తిరిగింది. ఆయన మర్చిపోయారు. నేను మర్చిపోలేదు కదా.

మొదటి గంట అయ్యేసరికి బస్సు వాళ్లతో సహా అందరూ వచ్చారు. సుద్దముక్క తీసుకుని మూడో బండి తుడిచి మళ్లీ రాశాను.

మొదటి గంట మెయిల్. ఇప్పుడున్న చోటు: షెడ్డులోనే. ఆలస్యానికి కారణం: సీఆర్. బయల్దేరిందని అబద్ధం చెప్పింది. మళ్లీ కబురు: సోమవారం, మేడమ్‌ని కలిశాక.

శ్రీహరి ప్రకటించలేదు. రాసేటప్పుడు 'అబద్ధం' పక్కనున్న ఫ్యాన్ ప్యాసింజర్ మీదికి పోయింది, దాన్ని సరిచేసే నెపంతో చాలాసేపు అటే తిరిగి నిలబడ్డాను.

"ఇన్నాళ్లూ మమ్మల్ని లేని బండెక్కించి కూర్చోబెట్టావటే!" అంది భావన. రెంటచింతల కుర్రాడొకడు సంచి విసిరికొట్టాడు. గ్రేస్ బోర్డు మొత్తం చదివింది, గొళ్లెం దగ్గర నుంచి. చదివి తల దించుకుని రాసుకుంటూ కూర్చుంది. తిడితే బాగుండేది.

ఫిబ్రవరి 24, సోమవారం

ఇది తీరిగ్గా రాయాలి.

పొద్దున నేను వచ్చేసరికే షెడ్డు అన్న మాట పక్కన ఎవరో "పేరు: పు.రా." అని చేర్చారు. చేతిరాత శ్రీహరిది. తుడిచేద్దామని వెళ్లేలోపు ఆ పు.రా. గారే లోపలికొచ్చారు. చదివారు. జుట్టు రంగు తప్ప మిగతాదంతా ఎర్రబడింది. డస్టరు తీసి మూల మొత్తం, "తుడవరాదు"తో సహా, తుడిచిపారేశారు. "క్లాసనుకున్నారా, రైల్వే స్టేషననుకున్నారా!" అని అటు తిరిగి లెక్క మొదలెట్టారు.

ఆయన వీపు చూస్తూ శ్రీహరి ముక్కు మూసుకున్నాడు. వద్దురా అని సైగ చేశాను. వినలేదు.

"దయచేసి వినండి. రెంటచింతల నుండి హాల్ టికెట్ వరకు వెళ్లవలసిన మొదటి గంట మెయిల్ రద్దు చేయబడలేదు. తుడిచివేయబడినది. ప్రయాణికులకు కలిగిన అసౌకర్యానికి..."

"చింతిస్తున్నారా?" అని వినిపించింది. గుమ్మంలో ప్రిన్సిపాల్ మేడమ్!

శ్రీహరి ముక్కు మీద చెయ్యి తీయడం కూడా మర్చిపోయాడు. మేడమ్ క్లాసునంతా చూసి, "ఏం బండమ్మా అది? నాకు తెలియకుండా మన కాలేజీలో తిరుగుతోంది?" అన్నారు. నేను లేచాను.

ఆవిడ గదిలో పుల్లారావు సార్ ఎదుటే అంతా చెప్పేశాను. బస్సు సంగతి, పాల వ్యాను, ఫైలు పైకి వెళ్లిందనడం, గ్రేస్ బొప్పి, నా అబద్ధం, అన్నీ. మేడమ్ మధ్యలో ఒక్కసారే ఆపారు. "ఈ మాట నాదాకా ఎవరూ తేలేదే?"

"చెబుదామనే అనుకుంటున్నా మేడమ్, నడుస్తోంది" అన్నారు సార్.

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఆ 'నడుస్తోంది' నాదే.

మేడమ్ డిపోకి ఫోన్ చేసి బస్సు వేళ కనుక్కున్నారు. "ఇంత చిన్న సంగతికా!" అని ఇద్దర్నీ మార్చిమార్చి చూశారు. రేపటి నుంచి బస్సు పిల్లలకి మొదటి గంట చివర్లో హాజరు. మరి పాతవి? "ఆ పిల్ల నీ మాట నమ్మి పోగొట్టుకున్న రోజుల్ని నేను తెచ్చివ్వలేనమ్మా. రూలు ఒప్పుకోదు. ఇక నుంచి ఒక్కరోజు కూడా మానకుండా వస్తే గట్టెక్కుతుంది. మానితే లేదు" అన్నారు.

బయటికొచ్చాక సార్ నాకంటే ముందు నడిచారు. మెట్ల దగ్గర మాత్రం ఆగి, "జుట్టు గురించి ఏమన్నావమ్మా ఆ రోజు?" అన్నారు. బాగుందన్నానని చెప్పాను. ఈ ఒక్కటి నాకు మిగలనివ్వాలి.

ఫిబ్రవరి 25, మంగళవారం

మేడమ్ క్లాసుకే వచ్చి హాజరు సంగతి చెప్పారు. రెంటచింతల వాళ్లు బల్లలు చరిచారు. తరువాత, "మీ సీఆర్ మీకు అబద్ధం చెప్పింది, తనే ఒప్పుకుంది కూడా. ఉంచుకుంటారో మార్చుకుంటారో మీ ఇష్టం" అన్నారు.

శ్రీహరి నా వైపు చూసి, క్షమించమన్నట్టు మొహం పెట్టి లేచాడు. "గ్రేస్‌ని పెట్టండి మేడమ్. ఆలస్యమంటే ఏందో ఆమెకే బాగా తెలుసు."

అందరూ చేతులెత్తారు. నేనూ ఎత్తాను. కొంచెం ఆలస్యంగా ఎత్తాను.

పుల్లారావు సార్ డస్టరు పక్కన పెట్టి, "ఆ మూల గీసుకోండి మరి" అన్నారు, "పేర్లు మాత్రం పూర్తిగా రాయండి. పు.రా. ఏంది, దొంగల బండి మీద రాసినట్టు."

ఫిబ్రవరి 26

శివరాత్రి. సెలవు. గ్రేస్‌కి ఫోన్ చేశాను. ఎత్తలేదు. తిరునాళ్ల మైకుల హోరులో వినిపించలేదేమో.

వాళ్ల ఊళ్లో తిరునాళ్లు లేవు.

ఫిబ్రవరి 27, గురువారం

గ్రేస్ బస్సులో వచ్చింది. మొదటి గంట చివర్లో సార్ పేరు పిలిస్తే "ప్రెజెంట్ సార్" అని ఎంత గట్టిగా అందంటే పక్క క్లాసు వాళ్లు తొంగిచూశారు.

గంట అవగానే కొత్త సీఆర్ సుద్దముక్క తీసుకుని మూలకి వెళ్లింది. నా కంటే గుండ్రంగా రాస్తుంది. మొదటి గంట మెయిల్: చేరింది. ఫ్యాన్ ప్యాసింజర్: ప్రభ దిగింది, ఎలక్ట్రీషియన్ ఇంకా దిగలేదు. మళ్లీ కబురు సోమవారం. క్లాసు నవ్వింది. నేనూ నవ్వబోయాను గానీ, కింద ఇంకో బండి పేరు మొదలైంది.

ఆసియా ఎక్స్‌ప్రెస్. బయల్దేరిన చోటు: గ్రేస్ పక్క బెంచీ. ఇప్పుడున్న చోటు: స్టేషను బయట, ఔటర్ సిగ్నల్ దగ్గర ఆపేశాం. ఆలస్యానికి కారణం: దానికే తెలుసు. మళ్లీ కబురు: మధ్యాహ్నం అన్నం దగ్గర.

అంతా రాసి, సుద్ద చేతులు దులుపుకుని, మళ్లీ వెనక్కొచ్చి అడుగున చిన్నగా చేర్చింది: రద్దు కాలేదు.

శ్రీహరి ముక్కు దాకా చెయ్యి తీసుకెళ్లి నన్ను చూసి దించేసుకున్నాడు. నాకు కళ్లనిండా నీళ్లు. ఎండకని చెప్పాను. లోపల ఎండెక్కడిదని ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం గ్రేస్ డబ్బా తెరిచి, నా వైపు చూడకుండానే గోంగూర అన్నం ఒక ముద్ద తీసి నా డబ్బా మూతలో పెట్టింది.

"ఇంకా ఔటర్‌లోనే ఉన్నావు" అంది.

"ఎంతసేపంట?"

"చెప్తా."

సరే. ఎక్కడున్నానో తెలిసింది. ఆగి ఉంటాను.